నలుపు ఒరిజినల్, రంగులు బయటివి: రైసు మిల్లు ఆఫీసులో నాలుగేళ్ల ప్రింటర్

మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు లెక్కలు చూస్తాను. మా ఆఫీసులోని ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌కు నాలుగేళ్లు నిండాయి. మొదటి ఏడాదిన్నర కంపెనీ ఇంకే పోశాం. వారంటీ అయిపోయాక వేరేవాళ్లు చేసే బయటి ఇంకుకు మారాం. కారణం డబ్బే. ఒక్క ఒరిజినల్ సీసా ధరకు బయటివి మూడు వచ్చేవి. సీజనులో లారీ లారీకీ బిల్లు, సరుకు రవాణాకు కావాల్సిన ఈ-వే బిల్లు, కాటా చీటీ నకలు తీయాలి కదా, సీసాలు ఇట్టే ఖాళీ అవుతాయి. రెండు ఇంకుల కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే మా యజమాని బయటిదే బాగుందన్నారు.

తేడా వానాకాలంలో బయటపడింది. బియ్యం లోడుతో వాడపల్లి వంతెన దాటిన డ్రైవర్ ఫోను చేశాడు. కాగితాలు తడిశాయట, అంకెలన్నీ అలుక్కుపోయాయట. ఈ-వే బిల్లు నంబరు ఫోనులో పంపాను, ఇన్‌వాయిస్ మళ్లీ పంపాను. ఆ లారీ అంతసేపూ రోడ్డు పక్కనే ఉంది.

అప్పుడు విచారిస్తే తెలిసింది. మా మోడల్‌కు కంపెనీ ఇచ్చే నలుపు పిగ్మెంట్. అందులోని రంగు నీళ్లలో కరగదు, సన్నని రేణువులుగా ఉండి కాగితం పైనే అంటుకుంటుంది. నేను పోసింది డై. అది కరిగిన రంగు, పేరుకు తగ్గట్టు కాగితంలోకి ఇంకుతుంది, నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. సీసా మీద ‘అన్ని మోడళ్లకూ సరిపోతుంది’ అని చూసి సంబరపడ్డాను. అనుమానపడాల్సిందే అక్కడ!

బయటి వాటిలోనూ పిగ్మెంట్ నలుపు దొరుకుతుంది. ఒకసారి తెచ్చాను, బాగుంది. అదే పేరుతో రెండోసారి వచ్చింది మాత్రం నీళ్లలా ఉంది. దాంతో నలుపు వరకు ఒరిజినల్‌కే తిరిగి వచ్చాం. రంగులు ఇప్పటికీ బయటివే. మాకు రంగులతో పనేముంది, లెటర్‌హెడ్ మీద వరి కంకి బొమ్మ తప్ప. ఒకటి మాత్రం చెప్పాలి: డై మిగిలిన ట్యాంకులో పిగ్మెంట్ పోయకండి, రెండూ కలిసి గడ్డకడితే కాగితం మీదికి ఇంకు చిమ్మే హెడ్ మూసుకుపోతుంది. నేను పాతదంతా సిరంజితో తోడించాకే పోయించాను.

ఎండాకాలంలో నాలుగు రోజులు వాడకపోతే గీతలు పడటం రెండు ఇంకులతోనూ చూశాను, బయటిదానితో కాస్త ఎక్కువ. హెడ్ క్లీనింగ్ నొక్కిన ప్రతిసారీ కొంత ఇంకు లోపలి స్పాంజిలోకి పోతుంది. అది నిండి ప్రింటర్ మొరాయిస్తే మార్పించాం. ఆదా అనుకున్నదాంట్లో కొంత అలా పోయింది. కాగితం సరిగా లాగకపోయినా మెకానిక్ బయటి ఇంకునే తిట్టేవాడు. తీరా చూస్తే రోలర్ల మీద తవుడు దుమ్ము. ఆ పాపం ఏ ఇంకుదీ కాదు.

ఇప్పుడు ఏ నలుపు సీసా వచ్చినా ముందు పుల్లతో ఒక చుక్క కాగితం మీద గీసి, ఆరాక నీళ్లు చిలకరిస్తాను. నల్లటి నీళ్లు దిగితే సీసా వెనక్కి పంపుతాను. దుకాణంలో అబ్బాయి గొణుగుతాడు గానీ తీసుకుంటాడు.