యమహా పి-45 డిజిటల్ పియానో: ఐదేళ్ల వాడకం, దాంతోపాటు బేరం సంగతి

మా పాపకి పియానో నేర్పే మేడమ్ మొదటి రోజే తేల్చేశారు. "61 కీల కీబోర్డు మీద వేళ్లు పాడైపోతాయండీ. 88 కీలది తీసుకోండి. నొక్కితే వేలికి బరువు తెలియాలి." ఆ బరువేంటో నాకు దుకాణానికెళ్లేదాకా అర్థం కాలేదు.

2021 ఫిబ్రవరిలో విజయవాడ ఏలూరు రోడ్డు వైపు ఒక షాపుకి వెళ్లాం. అక్కడి కుర్రాడు ముందుగా ఒక కీబోర్డు ఆన్ చేసి తబలా, డోలక్, ఇంకా ఏవేవో రిథమ్‌లు మోగించాడు. "చర్చిల్లో, ఆర్కెస్ట్రాల్లో అందరూ ఇదేనండీ" అన్నాడు. అబద్ధమేం కాదు, వాళ్ల పనికి అదే సరైనది. పి-45 మాత్రం ఓ మూల కవరు కప్పుకుని ఉంది. మొత్తం పదే టోన్లు (వాయిద్యాల గొంతులు), రిథమ్‌లు అసలే లేవు. కానీ కీ నొక్కి చూస్తే తేడా తెలిసిపోయింది. మంద్రస్థాయి వైపు కీలు బరువుగా ఉంటాయి, తారస్థాయికి పోయేకొద్దీ తేలికవుతాయి, అసలు పియానోలో లాగే.

ఆన్‌లైన్‌లో 39 వేల చిల్లర ఉంది. షాపులో 41 చెప్పి, 40 దగ్గర ఆగాడు. "కంపెనీ రేటండీ, మాకు మిగిలేదేం లేదు" అని అదే పాట. నేను లేవబోతుంటే మా అమ్మ అందుకుంది. రైతుబజార్లో వంకాయలు తూచాక అడిగినట్టే, "రేటు తగ్గించకపోతే మానె బాబూ, కొసరెయ్యి" అంది. ఆ మాట బాగా పనిచేసింది. స్టాండు, కవరు, కూర్చునే బెంచీ, మూడూ వచ్చాయి. పెట్టెలో వచ్చేవి అడాప్టరు, పుస్తకం పెట్టుకునే ప్లాస్టిక్ రెక్క, చిన్న పెడలు అంతే. మిగతావన్నీ విడిగా కొనాలంటే అప్పట్లో నాలుగైదు వేలయ్యేవి. వీటి మీద డబ్బు తగ్గించమంటే షాపువాడు బిగుసుకుంటాడు గానీ సరుకు ఇమ్మంటే కాస్త మెత్తబడతాడు.

తప్పు చేసింది బిల్లు దగ్గర. కచ్చా బిల్లు రాసిచ్చాడు, సీరియల్ నంబరు లేదు. ఎనిమిది నెలలకి అడాప్టరు పోతే వారంటీ అడగడానికి నా దగ్గర కాగితమే లేదు. కొత్తది నా డబ్బుతోనే కొన్నాను. పక్కా బిల్లు, దాని మీద నంబరు, ఈ రెండూ లేకుండా షాపు గుమ్మం దిగకండి.

కొసరుగా వచ్చిన ఎక్స్ స్టాండు కూడా ఆర్నెల్లకే విసుగొచ్చింది. గట్టిగా వాయిస్తే ఊగుతుంది, మోకాళ్లకి తగులుతుంది. మాది పటమటే కాబట్టి ఆటోనగర్లో వెల్డింగ్ షాపులో చదరపు పైపులతో స్టాండు చేయించాను. తెల్ల కీ నేలకి 28 అంగుళాల ఎత్తులో ఉండేలా కొలిచి ఇచ్చాను. పద్దెనిమిది వందలయింది. ఇప్పుడు పియానో ఇంచి కదలదు. పెట్టెలో వచ్చిన పెడలు కూడా పాలిష్ బండ మీద జారిపోయేది, దాన్నీ మార్చాం.

మూడో ఏడు నుంచి మధ్యస్థాయిలో కొన్ని కీలు పైకి లేచేటప్పుడు టక్ మంటున్నాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న పాపకి వినపడదు, పక్కన పేపరు చదువుకునే నాకే ఆ గోల. నాలుగో ఏడు ఒక కీ మెల్లగా నొక్కినా ధన్‌మని మోగడం మొదలెట్టింది. మెకానిక్ విప్పి, లోపలి రబ్బరు పట్టీ కింద చేరిన దుమ్ము తుడిస్తే సరిపోయింది. ఉన్నవి రెండే బటన్లు. శ్రుతి మార్చాలన్నా, తాళం కొట్టే మెట్రోనోమ్ పెట్టాలన్నా ఒక బటన్ నొక్కి ఉంచి ఫలానా కీ నొక్కాలి. అమ్మ కీర్తన అందుకున్నప్పుడల్లా పాప ఏ కీకి ఏ పనో రాసుకున్న చీటీ కోసం వెతుకుతుంది. అరగంట ముట్టుకోకపోతే అదే ఆగిపోతుంది. అన్నిటికంటే ఎడమ చివరి కీ నొక్కిపట్టి ఆన్ చేస్తే ఆ బాధ ఉండదు. కంప్యూటరుకి కలపాలంటే ప్రింటరు వైరే సరిపోతుంది.

మొదటి నాలుగేళ్లకి దీనికి మించి అక్కర్లేదు. ఆ తర్వాత, పెడలు తొక్కి ఉంచి పెద్ద పీసులు వాయిస్తే ఒకేసారి మోగగలిగే 64 స్వరాల హద్దు తగులుతుందని మేడమ్ అంటున్నారు. 2023లో పి-145 వచ్చాక ఇది పాత మోడల్ అయింది. ఇలా మోడల్ మారినప్పుడు మిగిలిన పాత స్టాకు దొరికితే మంచి బేరమే. రోలాండ్ ఎఫ్‌పి-10 మీద కూడా ఒకసారి చేయి పెట్టి చూడండి, అందులో 96 స్వరాలు.

ఇక సెకండ్ హ్యాండ్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చి పోయిన కొన్ని నెలలకి మా ఆఫీసు మిత్రుడు 18 వేలకి పి-45 దొరికిందని నన్ను తోడు తీసుకెళ్లాడు. పైన తళతళలాడుతోంది. ఎడమ చివర నుంచి ఒక్కో కీ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కుకుంటూ పోయాను. ఐదు కీలు మూగవి, మూడింటికి గొంతు ఒకటే, మెల్లగా నొక్కినా గట్టిగానే. తిరగేసి చూస్తే స్క్రూల తలలన్నీ తుప్పు. కీల సందులో విజిటింగ్ కార్డు దూర్చి తీస్తే అంచుకి బూడిదరంగు ఒండ్రు అంటుకొచ్చింది. నేను కార్డు చూపించగానే అమ్మేవాడు ఏం మాట్లాడకుండా 15 అన్నాడు. మేం చెప్పులేసుకునేసరికి 12. రెండు నెలలకోసారి మా మిత్రుడికి ఇంకా ఫోన్ చేస్తుంటాడట. మొన్న 9 దగ్గరుంది.