కోఠీలో ‘ఒరిజినల్’ ఓపీఏ2134 ఆడియో ఐసీ కొనబోయేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

ఇప్పుడే కోఠీ నుంచి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

నాన్న ఎల్పీలు వినడానికి ఫోనో ప్రీయాంప్ (రికార్డు ప్లేయర్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్) చేసుకుంటున్నా. సర్క్యూట్ మీకు తెలిసిందే, ఒక డ్యుయల్ ఓపాంప్ (రెండు యాంప్లిఫయర్లున్న ఐసీ, నాకు కావాల్సింది ఓపీఏ2134), చుట్టూ ఆర్ఐఏఏ (రికార్డులో తగ్గించి కోసిన బేస్‌ని మళ్లీ సరిచేసే) రెసిస్టర్లు, కెపాసిటర్లు. ఐసీల కోసం గల్లీలో ఆ షాపుకే వెళ్లా (పేరు రాయను, వెళ్లేవాళ్లకి అర్థమవుతుంది). ఒరిజినలేనా అని రెండుసార్లు అడిగా. “పక్కా కంపెనీ మాల్ సార్” అన్నాడు. ఒక్కోటి 320 చొప్పున నాలుగు తీసుకున్నా. బిల్లు అడిగితే జీఎస్టీ వేరే పడుతుందన్నాడు. వద్దులే అన్నా. 230 రూపాయలు మిగుల్చుకున్న మేధావిని!

ఆన్ చేస్తే, సూది రికార్డు మీద పెట్టకముందే బుస్‌మని ఒకటే చప్పుడు. తప్పు నాదే అనుకున్నా. కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) ఇచ్చేదే ఓ 5 మిల్లీవోల్టులు, దాన్ని వంద రెట్లు పెంచుతున్నాం, 50 హెర్ట్జ్ దగ్గరైతే ఇంకో 17 డెసిబెల్స్ ఎక్కువ. గ్రౌండింగ్ ఎక్కడో తేడా కొట్టిందని రెండు ఆదివారాలు వైర్లన్నీ పీకి మళ్లీ వేశా. ట్రాన్స్‌ఫార్మర్‌ని వేరే డబ్బాలోకి మార్చా. గ్రౌండ్ తప్పితే వచ్చేది హమ్ (గుయ్‌మనే మోత) కదా, ఇది హిస్ (బుస్‌మనే చప్పుడు) కదా అని నా బుర్రకి తట్టలేదు.

చివరికి అనుమానమొచ్చి ఐసీ మీద అసిటోన్ అద్ది దూదితో తుడిచా. అక్షరాలు దూదికి అంటుకొచ్చేశాయి, కింద గరుకు కాగితంతో రుద్దిన గీతలు. రెండు 9 వోల్టుల బ్యాటరీలతో కొలిస్తే ఐసీ లాగుతున్న కరెంటు 1 మిల్లీఆంప్. అసలుదైతే రెండు ఆంప్‌లకీ కలిపి 8 దాకా లాగాలి. ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి ఒక మెగా ఓమ్ రెసిస్టర్ పెట్టి ఫాలోయర్‌లా (ఇన్‌పుట్‌లో ఎంతుంటే అవుట్‌పుట్‌లో అంతే వచ్చేలా) కలిపితే మీటర్లో 40 మిల్లీవోల్టులు. ఓపీఏ2134 ఎఫ్ఈటీ ఇన్‌పుట్ ఐసీ, అంటే దాని ఇన్‌పుట్‌లో కరెంటు దాదాపు ఉండదు, అక్కడ దాదాపు సున్నా రావాలి. లోపల ఉన్నది ఎల్ఎం358 అనే మామూలు ఓపాంప్ అని నా అనుమానం. పది రూపాయల సరుకు!

ఇవాళ నాలుగూ పట్టుకెళ్లా. చేతిలోకి కూడా తీసుకోలేదు. “సోల్డర్ పెట్టినంక వాపస్ ఉండది” అన్నాడు. సాకెట్‌లో గుచ్చానయ్యా, కాళ్లకి సోల్డర్ ఎక్కడుందో చూపించు అన్నా. అప్పుడు అందరికీ వినబడేలా ఏమన్నాడో తెలుసా? “మూడొందలకి ఒరిజినల్ ఎట్లొస్తది సార్? చదువుకున్నోళ్లు, మీకు తెల్వదా?”

పక్కనున్నవాళ్లు నవ్వారు. పక్కా కంపెనీ మాల్ అన్న నోరే అది!

అది కూడా పోనీ అనుకుందును. నేనింకా కౌంటర్ దగ్గరుండగానే కాలేజీ కుర్రాడొకడు ప్రాజెక్టుకని అదే నంబరు అడిగాడు. ఈయన నా కళ్లలోకి చూస్తూనే అదే ప్లాస్టిక్ డబ్బా తీసి, రెండు ఐసీలు కవర్లో వేసిచ్చాడు. ఒరిజినలే తమ్మీ అని మళ్లీ ఓ మాట. నేనేం చేశాను? తల దించుకుని మెట్లు దిగి వచ్చేశాను. బాబూ అది నకిలీ అని ఒక్క మాట అనలేకపోయా. 1280 పోయినందుకు కాదు, దానికే నిద్ర పట్టేలా లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

కొనేవాళ్లు ఆథరైజ్డ్ డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఆర్డర్ పెట్టుకోండి, కొరియర్ ఖర్చయినా సరే. గల్లీలోనే కొనాల్సి వస్తే బిల్లు మీద ఐసీ నంబరు రాయించుకోండి, ముందు ఒక్కటే తెచ్చి కొలిచి చూడండి. అసిటోన్ ఒక్కదాన్నే నమ్మొద్దు, లేజర్‌తో చెక్కిన నకిలీలు కూడా ఉంటాయి.

ఆ డబ్బాలో ఇంకా ఓ పాతిక దాకా కనిపించాయి.