టేకు పలకలు కొంటున్నారా? ‘రందా ఫ్రీ’ అంటే ఒప్పుకోకండి

సొంతంగా బల్లలు, కుర్చీలు, పుస్తకాల అరలు చేసుకునే సరదా ఉన్న మిత్రులందరికీ ఈ హెచ్చరిక. ముఖ్యంగా ఇన్నాళ్లూ ప్లైవుడ్‌తో నెట్టుకొచ్చి, ఇప్పుడు మంచి టేకుతో ఏదైనా చేద్దామని డబ్బు కూడబెట్టుకుంటున్నవాళ్లకు. హైదరాబాద్ శివార్లలోని ఒక టింబర్ డిపోలో భోజనాల బల్ల కోసం నేను కొన్న టేకు పలకలు లోపల పచ్చిగా ఉన్నాయి. అంచుల్లో ఉన్న తెల్లచెక్కకు (చెట్టు బయటి పొరల చెక్క) రంగు పూసి, చేవలా (లోపలి గట్టి చెక్కలా) కనిపించేలా చేశారు. కొలతలోనూ మోసం జరిగింది. డిపో పేరు రాయడం లేదు. వేరేచోట్ల కూడా ఇదే నడుస్తోందని తెలిసిన వడ్రంగి మేస్త్రీలు చెప్పారు. అందుకే ఎలా చేస్తున్నారో వివరంగా రాస్తున్నాను.

నాకు కావలసింది ఒకటిన్నర అంగుళం మందం ఉన్న పలకలు, ఫర్నిచర్‌కు సరిపోయేలా ఎండినవి. “బల్లార్షా టేకు సార్, ఏడాది ఎండిన మాల్” అన్నాడు యజమాని. బల్లార్షా పేరుకు బజారులో గిరాకీ ఉంది. ఆ ఊరున్న మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా టేకుకు పెట్టింది పేరు. అయోధ్య రామమందిరం తలుపుల కోసం 2023లో కలప వెళ్లింది ఆ జిల్లా నుంచే. అప్పటినుంచి ఏ డిపోకు వెళ్లినా ఆ ఊరి పేరే చెబుతున్నారు. అటవీశాఖ వేలంలో కొన్న దుంగ మీదైతే శాఖవాళ్లు సుత్తితో కొట్టిన గుర్తులు ఉంటాయి. పలకలుగా కోశాక అవి మిగలవు, కాబట్టి చెక్క ఎక్కడిదో తేల్చలేం. ఆ పేరు చెప్పి సి.ఎఫ్.టి.కి (ఘనపుటడుగుకు) నాలుగైదు వందలు ఎక్కువ అడిగితే ఇవ్వకండి. మీ ముందున్న పలకను చూసి ధర మాట్లాడండి.

చెక్కలో తేమ శాతం చూపే మాయిశ్చర్ మీటర్ పట్టుకునే వెళ్లాను. ఆయనే “ఎక్కడైనా పెట్టి చూసుకోండి సార్” అంటూ ముందుకు తోశాడు. ఎండలో గోడకు ఆనించి ఉన్న పలకల మీద పెడితే 11 శాతం చూపించింది. బాగానే ఉందనిపించింది. ధర కుదిరింది, డబ్బు కట్టాను. అప్పుడు “ఇంటికెళ్లి మీకెందుకు శ్రమ, రందా ఫ్రీగా కొట్టిస్తాం” అన్నారు. రందా అంటే చిత్రిక పట్టడం. మిషన్ మీద నాలుగు వైపులా నున్నగా చేసి, పగుళ్లు రావంటూ ఒక కోటు నూనె కూడా రాసి బండికెక్కించారు. చూడ్డానికి పలకలు మెరిసిపోతున్నాయి.

ఆ ఫ్రీ రందాతోనే మోసం మొదలు. ముందుగా, రందా పట్టాక పలక ‘తయారైన సరుకు’ అయిపోతుంది. బిల్లు కింద చిన్న అక్షరాలతో ‘కోసిన, చిత్రిక పట్టిన కలప వాపసు తీసుకోబడదు’ అని ఉంటుంది. రెండోది, పలక మందం తగ్గిపోతుంది. అసలు ఎంత మందం ఇచ్చారో ఇంటికెళ్లి తేల్చుకోవడానికి ఆధారం ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం, నూనెలో కలిపిన రంగు తెల్లచెక్కను కప్పేస్తుంది. రంపం గీతలున్న రఫ్ పలక మీద తెల్లచెక్క ఎక్కడ మొదలైందో కొంచెం తడి చేస్తే తెలిసిపోతుంది. నూనె పూసిన పలక మీద అది కనపడదు.

ఇంట్లో ఒక పలకను పొడవుకు సరిపడా కోసి, కోసిన ముఖం మధ్యలో మీటర్ పెట్టాను. 21 చూపించింది. ఇంకో పలకలో అంతకన్నా ఎక్కువ. మనం వాడే చిన్న మీటర్ల సూదులు లోపలికి కొన్ని మిల్లీమీటర్లే దిగుతాయి, కాబట్టి పైపొర సంగతే చెబుతాయి. ఎండలో పెట్టిన పచ్చిపలక పైపొర త్వరగా ఆరుతుంది, లోపల నీరు అలాగే ఉంటుంది. ఈ సంగతి డిపోవాళ్లకు బాగా తెలుసు. అందుకే మీటర్ పెట్టమని వాళ్లే పిలుస్తారు.

పచ్చి చెక్కతో బల్ల చేస్తే ఏమవుతుందో కొత్తవాళ్ల కోసం చెబుతాను. మన ఇళ్లలో, ముఖ్యంగా ఏసీ ఉన్న గదుల్లో, చెక్క చివరికి 10–12 శాతం తేమ దగ్గర నిలబడుతుంది. 22 శాతం ఉన్న చెక్క అక్కడికి దిగేలోపు కుంచించుకుపోతుంది. నిలువునా దాదాపు ఏమీ తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది. కలపల్లో టేకు తక్కువ కుంచించుకునే రకమే, అయినా మూడడుగుల వెడల్పు బల్ల పైభాగం అరంగుళం వరకు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ తగ్గుతుంది. ఆ అరంగుళం ఊరికే పోదు. అంటించినచోట ఫెవికాల్ వదులుతుంది, లేదంటే పలకే చీలుతుంది, కాళ్ల జాయింట్లు లూజవుతాయి. నా పలకలు గదిలో ఆరుతుండగానే దొన్నెల్లా వంగిపోయాయి. ఇంకా అంటించకముందే వంగాయి కాబట్టి బల్ల పాడవలేదు. ఆఫీసు పనయ్యాక, ఆదివారాలు కూర్చుని నెలల తరబడి చేసిన వస్తువు కళ్లముందు చీలిపోతే ఎలా ఉంటుందో చేసేవాళ్లకు తెలుసు. చెక్క డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు, అన్ని ఆదివారాలు ఎవరిస్తారు?

మీటర్‌ను నమ్మాలంటే ఒకటే దారి. డబ్బు కట్టకముందు ఒక పలక చివర ఆరంగుళాలు కోయించి, కొత్తగా కోసిన ముఖం మధ్యలో పెట్టండి. ఆ ముక్కకు డబ్బిస్తానని చెప్పండి. కోయడానికి ఒప్పుకోని డిపోలో కొనకండి. రంపం అందుబాటులో లేక కోయడం కుదరకపోతే తూకం ఉంది. ఇది నాకు ఒక పాత సామిల్లు మేస్త్రీ నేర్పారు, మీటర్ కన్నా దీన్నే నేను ఎక్కువ నమ్ముతున్నాను. ఎండిన టేకు ఒక ఘనపుటడుగు సుమారు 18 నుంచి 20 కిలోలు తూగుతుంది. ఆరున్నర అడుగుల పొడవు, 8 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం ఉన్న పలక 0.54 ఘనపుటడుగులు, అంటే పది పదకొండు కిలోలు ఉండాలి. అదే పలక పద్నాలుగు కిలోలు తూగితే లోపల నీరు ఉన్నట్టు, లేదా అది టేకే కానట్టు. సూట్‌కేసులు తూచే చిన్న వేలాడే కాటా జేబులో వేసుకెళ్తే చాలు.

కొలత సంగతి. సి.ఎఫ్.టి. లెక్క అందరికీ తెలిసిందే: పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో గుణించి 144తో భాగించాలి. పైన చెప్పిన పలకనే నా బిల్లులో ఏడడుగులు, 9 అంగుళాలు అని రాశారు. అప్పుడు 0.54 కాస్తా 0.66 అయింది. ‘రఫ్ సైజు సార్, రందాలో పోయింది’ అన్నది వాళ్ల జవాబు. రందాలో మందం రెండు మూడు మిల్లీమీటర్లు, వెడల్పులో కొంచెం పోతుంది నిజమే. కానీ ఒక అంగుళం వెడల్పు పోదు. పొడవులో ఆరంగుళాలు అసలే పోవు. సి.ఎఫ్.టి. నాలుగు వేల చొప్పున పది పలకల మీద నాలుగున్నర వేల రూపాయల పైనే తేడా వచ్చింది. రఫ్ సైజుకు బిల్లు వేయడం చాలాచోట్ల ఉన్న పద్ధతే, దాన్ని నేను తప్పుపట్టను. అయితే రందాకు ముందు, మీ టేపుతో, మీరే కొలిచి, పలక మీద చాక్‌పీసుతో రాసి ఫోటో తీసుకోండి.

ఇక తెల్లచెక్క. టేకు చేవకు చెదలు, పురుగు అంత తొందరగా పట్టవు. ఆ గుణం తెల్లచెక్కకు లేదు. అందులో పిండిపదార్థం ఉంటుంది, దాన్ని తినే పురుగు లోపలే పెరిగి, నెలల తర్వాత సన్నటి బెజ్జాలు చేసుకుని బయటికొస్తుంది. బల్ల కింద గోధుమపిండిలాంటి పొడి రాలుతుంటే అదే. నూనె పూసిన పలక మీద అనుమానం వస్తే థిన్నర్‌లో తడిపిన గుడ్డతో అంచు రుద్దండి, పూసిన రంగైతే గుడ్డకు అంటుకుంటుంది. కొంచెం తెల్లచెక్క ఉన్న పలక కొనడంలో తప్పేమీ లేదు, ధర ఆ మేరకు తగ్గాలి. వాడక తప్పకపోతే పాలిష్‌కు ముందు బోరాక్స్, బోరిక్ ఆసిడ్ కలిపిన నీళ్లు బాగా పట్టించండి.

పేర్ల గురించి ఇంకొక్క మాట. ‘ఆఫ్రికన్ టేకు’ అని అమ్మేది చాలావరకు టేకు కాదు, ఇరోకో లాంటి వేరే చెట్లు. చెడ్డ కలప కాదు, కానీ టేకు ధర పెట్టకూడదు. ‘ఘనా టేకు’ అనేది మాత్రం తోటల్లో పెంచిన అసలు టేకే కావచ్చు. లేతచెట్లను కొడతారు కాబట్టి తెల్లచెక్క ఎక్కువ. ‘ఇప్పుడే దిగిన బర్మా దుంగ’ అని ఎవరైనా అంటే, మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి నిషేధించిందని గుర్తుచేయండి.

బిల్లు తప్పకుండా తీసుకోండి. ‘బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం’ అనే మాట టేకు విషయంలో చాలా ప్రమాదం. మన రెండు రాష్ట్రాల్లోనూ టేకు రవాణాకు అటవీశాఖ నియమాలున్నాయి. దారిలో ఆపితే కాగితం లేని కలపను పట్టుకుంటారు, బండి కూడా అక్కడే ఉండిపోతుంది. బిల్లులో ‘టేకు’, ‘ఎండినది’, కొలతలు, రఫ్‌నా ఫినిష్‌నా, ఇవన్నీ రాయించండి. నా బిల్లులో ‘వుడ్’ అని మాత్రమే ఉంది. ఫర్నిచర్ కోసం ఎండిన టేకే అడిగానని వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ ఉండబట్టి మాట్లాడగలుగుతున్నాను.

గొడవ ఇప్పటికి ఎక్కడుందంటే, కొలత తేడా డబ్బు వెనక్కిచ్చారు. చెక్క మార్చడానికి మాత్రం ‘రందా పట్టించుకున్నారు కదా’ అని ఒప్పుకోలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కొన్న విలువ ఐదు లక్షల లోపైతే అక్కడ రుసుము ఉండదు. రెండేళ్లలోపు వేయాలి. కొలతల మోసాన్ని తూనికలు, కొలతల శాఖకు విడిగా చెప్పవచ్చు. ఇలాంటి పలకలు ఇప్పటికే మీ దగ్గరుంటే వాటితో పని మొదలుపెట్టకండి. చివర్లకు పెయింటు పూసి, గాలి ఆడే నీడలో, మధ్యమధ్య రీపర్లు (సన్నటి చెక్క బద్దలు) పెట్టి పేర్చి, పైన బరువు పెట్టండి. నెలకోసారి ఒక పలకను తూచి రాసుకోండి. వరుసగా రెండు మూడు నెలలు బరువు మారకుండా ఉంటే అప్పుడు పనిలోకి తీసుకోవచ్చు.