ఆయిల్ కూలర్ పెట్టించాక ఆరు లీటర్ల లెక్క: ఆరేళ్ల అనుభవం

మాది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురం. నా ఏడు సీట్ల డీజిల్ బండి ఎక్కువగా విశాఖపట్నం ఆసుపత్రులకు వెళ్లేవారితో తిరుగుతుంది. వెళ్లేటప్పుడు సుంకి ఘాట్ దిగుడు కాబట్టి ఇంజిన్‌కు పెద్ద శ్రమ ఉండదు. తిరుగు ప్రయాణంలోనే అసలు పరీక్ష. సాలూరు దాటాక మొదలయ్యే ఎక్కుడు సుంకి, పొట్టంగి మీదుగా మనల్ని పీఠభూమి మీదికి చేరుస్తుంది. కొరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. 2019 మే నెలలో బండి నిండా మనుషులు, సామాను, ఏసీ వేసుకుని ఆ ఎక్కుడు ఎక్కుతుంటే, కొత్తగా పెట్టించిన, ఇంజిన్ ఆయిల్ వేడి చూపే మీటరు 128 డిగ్రీలు చూపించింది. నీళ్ల వేడి చూపే ముల్లు మాత్రం ఎప్పటిలా మధ్యలోనే ఉంది. ఆ నెలలోనే గ్రిల్ వెనక ఆయిల్ కూలర్, అంటే ఇంజిన్ ఆయిల్‌ను గాలితో చల్లబరిచే చిన్న రేడియేటర్ పెట్టించాను.

అప్పటినుంచి లక్షా పది వేల కిలోమీటర్లు నడిచింది. అదే ఎక్కుడు, అదే బరువు, అదే ఎండ అయినా ఇప్పుడు ఆయిల్ 108 దాటదు. ఈ విషయంలో నాకు పూర్తి తృప్తి ఉంది. కానీ ఆయిల్ మార్చే పద్ధతిని నేను మొదటినుంచి మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. కూలర్ అమ్మినవారుగానీ, బిగించినవారుగానీ ఆ సంగతి చెప్పలేదు.

బండి పుస్తకంలో ఫిల్టర్‌తో కలిపి 6 లీటర్లని ఉంది. కూలర్ బిగించకముందే దాన్ని నీళ్లతో నింపి కొలిచాను, 450 మిల్లీలీటర్లు పట్టింది. తర్వాత బాగా ఆరబెట్టాకే బిగించనిచ్చాను. పైపుల లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్లు, అంటే మీటరుకు 113 మిల్లీలీటర్లు. రెండు పైపులూ కలిపి రెండున్నర మీటర్లు కాబట్టి మరో 280. మొత్తం మీద ముప్పావు లీటరు పెరిగింది. ఇంతవరకు లెక్క అందరికీ తెలిసిందే. తప్పు జరిగేది ఆ తర్వాతే.

మొదటిసారి ఆయిల్ మార్చినప్పుడు ఒక వర్క్‌షాపులో కుర్రవాడు, "కూలర్ ఉంది కదండీ, ఏడు లీటర్లు పడుతుంది" అని డబ్బా మొత్తం పోసేశాడు. నేనూ సరే అనుకున్నాను. కింద బోల్టు విప్పితే చాంబర్‌లో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టెలో ఉన్నది మాత్రమే దిగుతుంది. నా కూలర్‌కు పైపులు తగిలే మూతులు పైకి ఉంటాయి, కాబట్టి అందులోనూ పైపుల్లోనూ ఉన్న ముప్పావు లీటరు పాత ఆయిల్ ఎక్కడిదక్కడే ఉండిపోయింది. దాని మీద ఏడు లీటర్లు పడ్డాయి, అంటే ఒక లీటరు అదనం. ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్ మీద కింది, పై గీతల మధ్య ఎంత దూరం ఉందో, పై గీత దాటి అంత ఎత్తుకు ఆయిల్ వచ్చింది. మర్నాడు ఘాట్ ఎక్కుతుంటే ప్రెషర్ ముల్లు వణికింది, వెనక నీలి పొగ కనిపించింది. ఇంజిన్‌లో తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆ ఆయిల్‌ను చిలికితే నురగ వస్తుంది, నురగ బేరింగులను కాపాడలేదు. పైగా బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరిని బయటికి పంపే గొట్టం) గుండా ఆవిరిగా వెళ్లిన ఆయిల్ డీజిల్ ఇంజిన్‌లో ఇంధనంలా మండే ప్రమాదం కూడా ఉంది. పొట్టంగిలో బండి ఆపి, చల్లారాక ఒక లీటరు తీయించాను. బండిలో ఒక రోగి ఉన్నాడు. ఆ గంటసేపు ఆయన ఎండలో కూర్చోవాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అప్పటినుంచి నా పద్ధతి వేరు. ఆయిల్ దించే ముందు డిప్‌స్టిక్ చూసి, పై గీత దాకా ఉందో లేదో రాసుకుంటాను. దిగిన ఆయిల్‌ను జగ్గుతో కొలవను, తూకం వేస్తాను. వేడి ఆయిల్ ఉబ్బి ఉంటుంది. చల్లటి ఆయిల్ కంటే 70 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే ఆరు లీటర్లకు దాదాపు 300 మిల్లీలీటర్లు ఎక్కువ కనిపిస్తుంది, బరువు మాత్రం మారదు. లీటరు ఆయిల్ సుమారు 870 గ్రాములు తూగుతుంది. మా వీధి కిరాణా కొట్టు తక్కెడ మీద డబ్బా బరువు పోను ప్రతిసారీ 5.2 కిలోలకు అటూ ఇటూగా వస్తుంది, అంటే ఆరు లీటర్లు. దిగినంతే కొత్తది పోస్తాను. రెండు నిమిషాలు ఇంజిన్ నడిపి, ఆపి, పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూస్తాను. దానికి మించిన కొలత లేదు.

పాతది కొంత మిగిలిపోతోందే అని మొదట దిగులుపడ్డాను. ఆరుముప్పావులో ముప్పావు అంటే 11 శాతం. తర్వాతి మార్పుకు అందులో మిగిలేది ఒక శాతమే కాబట్టి ప్రతిసారీ పైపులు విప్పనవసరం లేదు. ఒక్క సందర్భంలో మాత్రం విప్పాల్సిందే. ఇంజిన్‌లో బేరింగు అరిగి లోహపు పొడి వచ్చినా, ఆయిల్‌లో నీళ్లు కలిసినా, ఆ మురికి కూలర్ సందుల్లో దాక్కుని కొత్త ఇంజిన్‌ను కూడా పాడు చేస్తుంది. పైపులు విప్పినప్పుడు, ఖాళీ అయిన కూలర్ మళ్లీ నిండేలా ఆయిల్ వేడెక్కేదాకా బండి నడిపి, మట్టం మళ్లీ చూడాలి.

ఎక్కువ ఆయిల్ ఉంది కదా, ఎక్కువ దూరం నడపవచ్చా అని తోటి డ్రైవర్లు అడుగుతుంటారు. నేను 8,000 కిలోమీటర్లకే మారుస్తాను. ఆయిల్‌ను పాడు చేసేది వేడి ఒక్కటే కాదు. మసి పేరడం, డీజిల్ చొరబడడం, ఆయిల్‌లో కలిపిన రసాయనాలు అరిగిపోవడం కూలర్‌తో తగ్గవు.

నాకున్న అసలు ఫిర్యాదు, ఆయిల్‌ను కూలర్ వైపు మళ్లించడానికి మొదట బిగించిన ప్లేటు మీద. దానిలో థర్మోస్టాట్, అంటే ఆయిల్ వేడెక్కాకే కూలర్ దారి తెరిచే కవాటం లేదు. డిసెంబరులో సెమిలిగుడ వైపు తెల్లవారుజామున మంచులో తిరిగితే ఆయిల్ 60 డిగ్రీలు దాటేది కాదు. ఆయిల్ పోసే మూత విప్పితే దాని అడుగున పెరుగు మీగడలాంటి తెల్లటి పేరుడు. ఇంజిన్‌లో చేరే తేమ ఆవిరై పోవడానికి తగినంత వేడి అందకపోవడమే కారణం. 2020 జనవరిలో దాదాపు 80 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ ఉన్న ప్లేటు వేయించాక ఆ తెల్లటి పేరుడు మళ్లీ కనబడలేదు. మన్యంలో తిరిగేవారు ఈ ప్లేటు లేకుండా కూలర్ కొనవద్దని నా మనవి.

ఇక చిన్న పనులు: ఎర్రమట్టి రోడ్ల దుమ్ము కూలర్ రెక్కల్లో గట్టిపడుతుంది, వాన తగ్గగానే వెనక వైపు నుంచి తక్కువ ధారతో కడుగుతాను. పైపు ఒకచోట బాడీకి రాసుకుని పైపొర అరిగింది, రబ్బరు తొడుగు వేయించాను. ఈ ఎండాకాలం రాకముందే ఆ పైపు మార్పిస్తాను, ఆరేళ్ల రబ్బరును మళ్లీ ఘాట్ ఎక్కించడం నాకు ఇష్టం లేదు.