ఐదేళ్లు చదివించాక ఆ స్టెమ్ అకాడమీ గురించి నా మాట

నాకు ఆటోనగర్‌లో చిన్న లేతు షాపు ఉంది. మా అమ్మాయిని ఎనిమిదో తరగతిలో విజయవాడలోనే ఒక స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) అకాడమీలో చేర్పించాం. ఈ మధ్యే సీనియర్ ఇంటర్ పూర్తి చేసి బయటికొచ్చింది. అకాడమీ పేరు రాయను. షాపుకొచ్చే వాళ్లు 'ఎలా ఉంది సార్, వేయమంటారా' అని అడుగుతూనే ఉంటారు కాబట్టి ఇది రాస్తున్నా.

ముందు బాగున్నది చెబుతా. అంటే ల్యాబ్. పిల్లలు చేత్తో పరికరాలు చేసి నేర్చుకునేందుకు నీతి ఆయోగ్ బడుల్లో పెట్టించే అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల తరహాలోనే పెట్టారు: ఆర్డుయినో బోర్డులు (ప్రోగ్రాం రాసి సెన్సార్లను నడిపించే చిన్న సర్క్యూట్లు), సెన్సార్లు, సోల్డరింగ్ బల్ల, ఒక త్రీడీ ప్రింటరు. అటల్ ల్యాబ్‌కు ఎంపికైన బడికి కేంద్రం 20 లక్షల వరకు ఇస్తుంది. ఇక్కడ ఆ ఖర్చు మా ఫీజుల్లోంచే. (మీ దగ్గర్లో ప్రభుత్వ బడిలో అటల్ ల్యాబ్ ఉంటే ముందు అది చూసి రండి.) ప్రింటరు గురించి పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. అందులో వేసే ప్లాస్టిక్ తీగ అయిపోతే నెలల తరబడి దాని మీద గుడ్డ కప్పి ఉండేది.

తొమ్మిదిలో ఉండగా మా అమ్మాయి అపార్ట్‌మెంటు పైనున్న నల్ల ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్లెంత ఉన్నాయో చూపించే పరికరం చేసింది. మూతకు అల్ట్రాసోనిక్ సెన్సారు బిగించింది. శబ్దం నీటిని తాకి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం లెక్కగడుతుంది. పొద్దున దాదాపు సరిగ్గానే చూపించేది. ఏప్రిల్ ఎండలో మధ్యాహ్నం రెండింటికి మాత్రం, మోటారు వేయకపోయినా నీళ్లు పెరిగినట్టు చూపించేది. "సెన్సారు పాడైందమ్మా, కొత్తది తెచ్చుకో" అన్నా. వాళ్ల సార్ ఒప్పుకోలేదు, టేపుతో కొలిచి రమ్మన్నారు. మూత నుంచి నీళ్ల దాకా దూరం టేపు మీద 150 సెంటీమీటర్లు, తెర మీద 144. మూడు రోజులు పుస్తకంలో రాసుకుంటూ కూర్చుంది. నాలుగో రోజు రాత్రి అన్నం దగ్గర చెప్పింది: "తప్పు సెన్సారుది కాదు నాన్నా, మేం ప్రోగ్రాంలో రాసిన 343ది."

సెకనుకు 343 మీటర్లన్నది 20 డిగ్రీల దగ్గర ధ్వని వేగం. డిగ్రీ పెరిగితే సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. మన ఊళ్లో ఎండన పడి కాగిన ట్యాంకులో గాలి 42 డిగ్రీలకు చేరితే 356 అవుతుంది. శబ్దం తొందరగా తిరిగొస్తుంది, నీళ్లు దగ్గరగా ఉన్నట్టు లెక్క వస్తుంది. ఉష్ణోగ్రత సెన్సారు ఒకటి కలిపి, రెండు లైన్లు మార్చింది. లేతు మీద నుంచి తీసిన వేడి ముక్కను అప్పుడే కొలిచి పంపితే చల్లారాక సైజు తగ్గుతుందని నాకు ఎన్నో ఏళ్లుగా తెలుసు. అదే పాఠం తొమ్మిదో తరగతిలో దానికి దొరికింది. ఆ ఏడాది కట్టిన ఫీజు ఆ ఒక్క రాత్రికే చెల్లిపోయిందనుకున్నా.

పదో తరగతి జనవరి నుంచి కథ మారింది. ల్యాబ్ తాళం ఆఫీసుకు వెళ్లిపోయింది. ఇంటర్‌లో ఇక పూర్తిగా బిట్లే. అకాడమీ వాళ్ల ఇబ్బందీ అర్థమవుతుంది. ఇంజినీరింగ్ సీట్ల కోసం రాసే ఏపీ ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. టేపు పట్టుకుని మూడు రోజులు కూర్చునే పిల్లకు అక్కడ చోటెక్కడ? అయినా ఒక సంగతి మాత్రం మింగుడుపడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. వీళ్ల బ్యాచ్‌లో అటువైపు పిల్లలూ ఉన్నారు. ఆ ట్యాంకు పరికరాన్నే పెంచి కాలువ నీటిమట్టానికి పనికొచ్చేలా చేద్దామని నలుగురు కలిసి అడిగారు. 'పరీక్షలయ్యాక చూద్దాం' అన్నారు. ఆ పరీక్షల తర్వాత ఇంకో పరీక్షలొచ్చాయి.

కెరీర్ గైడెన్స్ అని బ్రోచర్‌లో ఒక పేజీ నింపేశారు. ఐదేళ్లలో జరిగింది రెండు మీటింగులు, రెండింట్లోనూ కంప్యూటర్ సైన్సే. మన ఊళ్లోనే ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఉందని, అందులో బీఆర్క్, ప్లానింగ్ సీట్లకు జేఈఈ మెయిన్ రెండో పేపరు రాయాలని ఎవరూ చెప్పలేదు. పదో తరగతి మార్కులతోనే నూజివీడు ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ల కోర్సుకు వెళ్లొచ్చన్నది కూడా తోటి తల్లిదండ్రుల నోటే విన్నాం. పాలిటెక్నిక్ ఊసే లేదు. డిప్లొమా చదివి, డ్రాయింగ్ చూసి పని చేయగల కుర్రాడు దొరక్క నేను షాపులో తల పట్టుకుంటుంటే!

అడిగేవాళ్లకు నేను చెప్పేదొకటే. ఎనిమిది, తొమ్మిది తరగతులకైతే కళ్లు మూసుకుని వేయండి. ఇంటర్‌కు ల్యాబ్ కోసమని మాత్రం వేయకండి, కోచింగ్ కోసమైతే మీ ఇష్టం.

మా వాడికి ఇప్పుడు ఏడో తరగతి. వచ్చే ఏడాది అడ్మిషన్ కోసం మొన్న వెళ్లి ఒక్క ప్రశ్నే అడిగా, ల్యాబ్ తాళం ఎవరి దగ్గర ఉంటుందని. కౌంటర్లో అమ్మాయి లోపలికెళ్లి కనుక్కుని వచ్చి "సార్ దగ్గరే ఉంటుందండీ, డిసెంబరు దాకా" అంది.