వంశధార మొగ నుంచి నారాయణపురం గోడ దాకా

సెప్టెంబరు చివర్లో మా బాబాయితో కలిసి శ్రీకాకుళం జిల్లాలో మూడు రోజులు తిరిగాను. గుళ్లు కూడా చూశాం గానీ, బయలుదేరింది మాత్రం చేపల దారి చూద్దామని. అమెరికాలో క్లామత్ నది మీద నాలుగు ఆనకట్టలను 2024 నాటికి పూర్తిగా తీసేశారు. ఆ అక్టోబరులోనే సాల్మన్ చేపలు, వందేళ్లుగా మూసుకుపోయిన దారిలో పైకి ఈదుకుంటూ వెళ్లాయి. అది చదివినప్పటి నుంచి మన నదుల్లో అడ్డుగోడలు ఎక్కడెక్కడ ఉన్నాయో, నది కడలిలో కలిసే మొగ దగ్గర మొదలుపెట్టి చూసుకుంటూ పోవాలని నా కోరిక.

బాబాయి నీటిపారుదల శాఖలో లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. "ఆనకట్ట తీసెయ్యడమేమిటిరా? పంటలు ఎవడు పండిస్తాడు?" అని ఇంట్లోనే తగువు మొదలుపెట్టారు. అయినా అందరికంటే ముందు సంచి సర్దుకున్నది ఆయనే.

బస శ్రీకాకుళంలోనే పెట్టుకున్నాం. అన్ని దారులూ అక్కడి నుంచే చీలతాయి. రైల్లో వచ్చేవాళ్లు దిగాల్సిన శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఆమదాలవలసలో ఉంది, అక్కడి నుంచి ఊళ్లోకి ఆటోలూ బస్సులూ ఉన్నాయి. మేం దిగిన లాడ్జిలో ఏసీ గది రోజుకు 1,500 రూపాయలు. దుప్పట్లు ఉతికినవే, కానీ వేడినీళ్లు ఏడు దాటాకే వస్తాయి. మేమేమో రోజూ ఐదింటికే గది వదిలేవాళ్లం. మూడు రోజులూ చన్నీళ్లే. కారు మాట్లాడుకున్నందుకు మాత్రం చింతలేదు. డ్రైవరు కుర్రాడు ఎంతసేపు ఆగమన్నా విసుక్కోలేదు, పైగా రెండో రోజు నుంచి చేపల పేర్లు నాకంటే ఎక్కువ చెప్పాడు.

మొదటి రోజు వంశధార మొగ ఉన్న కలింగపట్నం. లైట్‌హౌసు, ఇసుక తిన్నెలు బాగున్నాయి. మొగ దగ్గర మాత్రం స్నానానికి దిగకండి, నది లాగుడు పైకి కనిపించదు. ఒడ్డున ఒక పెద్దాయన వల దులుపుతుంటే కొయ్యంగలు పడ్డాయి, వాటిలో జానెడు పండుగప్ప ఒకటి. పులస కడలి నుంచి నదిలోకి ఎక్కి గుడ్లు పెడుతుంది. పండుగప్పది తిరుగు వరస: మంచినీళ్లలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఉప్పునీటికి దిగుతుంది. నీలకంఠ రొయ్యా అంతే. ఎటు పోయేదైనా నడుమ గోడ వస్తే కథ ఆగిపోయినట్టే. గోదావరి పులస ధవళేశ్వరం దగ్గర ఆగిపోవడం మనకు తెలిసిందే. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక, ఒకప్పుడు అలహాబాదు దాటి పోయిన ఇలిష్ (మన పులసే) అక్కడివాళ్లకు కరవైంది.

తిరుగుదారిలో శాలిహుండం కొండ ఎక్కాం. అక్కడి బౌద్ధ స్తూపాల కంటే నాకు పైనుంచి కనిపించిన వంశధార మలుపే ఎక్కువ నచ్చింది. ఎండ ముదరకముందే ఎక్కాలి.

రెండో రోజు శ్రీముఖలింగం. మధుకేశ్వరాలయం శిల్పాలకు పూట పడుతుంది, మేం గంటలో ముగించి తప్పుచేశాం. కారణం నా తొందర, వంశధార మీది గొట్టా బ్యారేజీ. హిరమండలం దాటి గొట్టా చేరేసరికి కొన్ని గేట్లు ఎత్తి ఉన్నాయి. దిగువన నురగలో చేపలు గుంపు కట్టినచోట వలలు విసురుతున్నారు. బాబాయి రెయిలింగు పట్టుకుని, "రెండు లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టురా ఇది. దీన్నా తీసేది?" అన్నారు. నేను క్లామత్ సంగతి చెప్పాను. అక్కడ తీసేసిన నాలుగూ విద్యుత్తు కోసం కట్టినవి, సాగుకు నీళ్లిచ్చేవి కావు. 2011లో మొదలుపెట్టి 2014 నాటికి పడగొట్టిన, అమెరికాలోనిదే అయిన ఎల్వా నది ఆనకట్టలూ కరెంటువే. "అలా చెప్పు మరి, ముందే" అని ఆయన కాస్త మెత్తబడ్డారు. గొట్టాను తీయాలని నేనూ అనను. అయితే ఏ నెలలో ఏ గేటు ఎంత ఎత్తాలన్న లెక్కలో నీళ్లకే గానీ చేపలకు చోటు లేకపోవడం నాకు నచ్చదు.

చూడటానికి ఇక్కడ గంట చాలు. తినడానికేమీ దొరకదు, టిఫిను కట్టించుకోవాలి.

మూడో రోజు నాగావళి మీద నారాయణపురం ఆనకట్ట. యాత్రికులు రారు, బోర్డు లేదు, నీడకు చెట్టొక్కటే. మూడు రోజుల్లో నాకు దక్కిన మంచి గంట మాత్రం ఇక్కడిదే. తెల్లవారుజామున వెళ్లాం. గోడ పక్కన నీళ్లు పలచగా జారుతున్న నాచురాయి మీద గోరంత రొయ్యపిల్లలు ఒకదాని వెనకొకటి పాకుతున్నాయి. టార్చి వేస్తే కళ్లు నిప్పురవ్వల్లా మెరిశాయి. కల్లేపల్లి వైపు ఉప్పునీటిలో పుట్టి, నది పొడవునా ఎదురీదుకుంటూ వచ్చినవి. నాచు ఉన్నంతవరకూ ఎక్కుతున్నాయి. సిమెంటు పూసిన నున్నని భాగం రాగానే జారి పడుతున్నాయి, మళ్లీ మొదటి నుంచి ఎక్కుతున్నాయి. ఒకదాన్నే లెక్కపెడుతూ కూర్చున్నాను, పదకొండుసార్లు పడింది. బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, "ఈ అంచున గరుకు రాయి పరిస్తే ఆయకట్టుకు చుక్క నీరు తగ్గదు" అన్నారు.

అక్కడి నుంచి పొందూరు వెళ్లాం. నేత చూడనివ్వడంలో ఆ ఊరివాళ్లను మించినవాళ్లు లేరు, కొంటారా లేదా అని ముఖం చూడరు. ఒకామె పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి చూపించింది. ఆ సన్నని పళ్లే పొందూరు ఖద్దరుకు ప్రాణం. ఎముక మన నాగావళిదేనా అని అడిగితే, గోదావరి వైపు నుంచి తెప్పించుకుంటామంది. పంచె కొన్నాను, ధర ఎక్కువే, గిట్టుబాటే.

తిరిగి శ్రీకాకుళంలో భోజనానికి దిగిన హోటల్లో బల్ల మీద పండుగప్ప పులుసు అని రాసి ఉంది. రుచి బాగుంది, కారం సరిపోయింది. నదిదా, చెరువుదా అని బాబాయి అడిగారు. వడ్డించే అబ్బాయి నవ్వి, "పెంపకందేనండీ" అన్నాడు.