రెండు సీసాల సయానోటైప్ కిట్: రసాయనాలు బాగున్నాయి, కాగితం బాగోలేదు

ఎండతో నీలిరంగు చిత్రాలు అచ్చువేసే సయానోటైప్ పద్ధతిని కొత్తగా మొదలుపెట్టేవారికి రెండు రకాల సరంజామా దొరుకుతుంది. ముందే పూత పూసి నల్ల కవరులో పెట్టిన కాగితాలు ఒక రకం. రసాయనాలు రెండు సీసాల్లో వేర్వేరుగా వచ్చేది రెండవ రకం. నేను వాడి చూసిన కిట్ రెండవ రకానిది.

ఒక సీసాలో ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, మరొకదానిలో పొటాషియం ఫెర్రీసయనైడ్ పొడులు ఉన్నాయి. నీళ్లు పోసి వేటికవి కరిగించి నీడపట్టున ఉంచితే చాలాకాలం నిలవ ఉంటాయి గాని, కాగితానికి పూయడానికి సమపాళ్లలో కలిపినదాన్ని మాత్రం ఆ పూటే వాడుకోవడం మంచిది. సయనైడ్ అన్న మాట చూసి బెదరనక్కరలేదు; అది ఇనుముతో గట్టిగా బంధమై ఉంటుంది. అయితే గాఢమైన ఆమ్లం తగిలితే విషవాయువు వెలువడే ప్రమాదం ఉన్నందున, పెద్ద అక్షరాలలో ఉండవలసిన ఈ హెచ్చరికను సూచనల పత్రంలో అట్టడుగున చిన్న అక్షరాలలో వేయడం నాకు నచ్చలేదు.

ఆ పత్రంలోని అసలు లోపం ఎండలో ఉంచవలసిన సమయం దగ్గర ఉంది. నిమిషాలు చెప్పి ఊరుకున్నారు. ఎండ తీవ్రత అన్ని వేళలా ఒకటిగా ఉండదు కనుక రంగును చూసి నిర్ణయించుకోవడమే నమ్మదగిన పద్ధతి. ఆకు పెట్టి పైన గాజుపలక ఉంచిన కాగితంలో, ఆకుపచ్చ కలిసిన పసుపు పూత ముందు నీలంగా మారి, ఆ తరువాత కాంతి తగ్గి బూడిదరంగుకు తిరుగుతుంది. నీలం కనబడగానే తీసేస్తే కడిగేటప్పుడు చాలావరకు కొట్టుకుపోతుంది. బూడిదరంగు వచ్చేదాకా ఆగితే, నీళ్లలో పసుపు వదిలి ఆకు ఈనెలు కూడా తెల్లగా తేలుతాయి. నీళ్లలో కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే ముదురు నీలం అప్పటికప్పుడే వస్తుంది, లేకుంటే గాలికి ఆరుతూ ఒక రోజులో అదే వస్తుంది.

కిట్‌తో వచ్చిన కాగితం పలుచన. తడవగానే అంచులు పీచు లేస్తాయి. క్షారగుణం లేని, నూలుతో చేసిన మందపాటి కాగితం విడిగా కొనుక్కోవడం మేలు, ఎందుకంటే క్షారం ఈ నీలాన్ని వెలవెలబోయేలా చేస్తుంది. బట్టపై అచ్చువేసినా, సబ్బుపొడితో ఉతికితే ఇదే కష్టం. డిజిటల్ నెగెటివ్‌ల కోసం, అంటే ఫొటోను వెలుగునీడలు తారుమారు చేసి ముద్రించుకోవడానికి, ఇచ్చిన పారదర్శక ఫిల్మును తొలిరోజుల్లో పక్కన పెట్టవచ్చు; ఆకుల వంటివి నేరుగా పరిచినా చాలు. ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టిన ఈ పద్ధతితో, మరుసటి ఏడాదే వృక్షశాస్త్రజ్ఞురాలు అన్నా అట్కిన్స్ నాచుమొక్కలను నేరుగా కాగితంపై పరిచి పుస్తకమే వెలువరించసాగారు, కెమెరా ప్రసక్తే లేకుండా.

చిన్నపిల్లలతో కూర్చుని చేయదలచినవారు మాత్రం ఈ సీసాల జోలికి పోకుండా, పూత పూసిన కాగితాలే కొనుక్కోవాలి.